అడ్డొచ్చిన భూమికి జై!

మీకు తెలుసా? గామా కిరణాలను పట్టే ఒక టెలిస్కోపుకు అద్దం లేదు, కటకం లేదు, గొట్టం అసలే లేదు! పేరు బాట్సీ. 1991లో అమెరికా పంపిన కాంప్టన్ అబ్జర్వేటరీ అనే ఉపగ్రహం ఎనిమిది మూలల్లోనూ దీని పలకలే. ఒక్కోటి అర మీటరు వెడల్పు. మందం చూస్తే సెంటీమీటరుంబావు. ఇంతకీ ఆ పలక దేంతో చేశారు? సోడియం అయొడైడ్‌తో. అంటే మన వంటింటి ఉప్పుకు వేలువిడిచిన చుట్టం!

మీకు తెలుసా? మామూలు అద్దానికి గామా కిరణం అసలు లొంగదు. దూసుకుని అవతలికి పోతుంది. అందుకే బాట్సీ పలకల మీద ఆకాశమంతా ఒకేసారి వచ్చిపడుతుంది. ఉన్నట్టుండి ఏదైనా పేలితే, ఏ పలకకు ఎన్ని కిరణాలు తగిలాయో పోల్చి దిక్కు చెప్పేస్తుంది. కానీ రోజూ నిదానంగా వెలిగే చుక్కల మాటేమిటి? అన్నీ కలిసిపోతాయి. ఇన్ని కిరణాలు వచ్చాయని మొత్తం చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పదు. గుమస్తాకు కూడికే వచ్చు, పంపకాలు రావు!

మరి ఎవరి వాటా ఎంతో తేల్చిందెవరు? మీరు నిలబడి ఉన్న ఈ భూమే! ఉపగ్రహం తిరుగుతుంటే ఒక్కో చుక్కా భూమి అంచు వెనక్కి జారిపోతుంది. జారగానే లెక్క కాస్త తగ్గుతుంది. ఎంత తగ్గిందో అంతా ఆ చుక్కదే. అవతలి అంచున మళ్లీ తేలగానే లెక్క పెరుగుతుంది. పెళ్లిపందిట్లో అంత గోలలోనూ సన్నాయి ఠక్కున ఆగితేనే కదా, ఇప్పటిదాకా అదెంత మోగిందో మనకు తెలిసేది! ఇదీ అంతే.

మీకు తెలుసా? బాట్సీ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 93 నిమిషాలే. రోజుకు పదిహేను చుట్లు పైనే. ఒక్కో చుట్టులో ఒక అస్తమయం, ఒక ఉదయం. అంటే ఒకే చుక్కను రోజుకు ముప్ఫై సార్లు తూకం వేయొచ్చు. సంధ్యావందనం చేసేవాళ్లకు ఆ ఉద్యోగం వద్దు బాబోయ్!

మీకు తెలుసా? 450 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే ఆకాశంలో దాదాపు మూడో వంతును భూమే మింగేస్తుంది. మామూలు టెలిస్కోపుల వాళ్లకు అదొక పీడ. భూమి అడ్డం లేని వేళ చూసి పని చేసుకుంటారు. బాట్సీని నడిపిన, అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని నాసా మార్షల్ కేంద్రం వాళ్లు మాత్రం ఎప్పుడు అడ్డొస్తుందా అని గడియారం పట్టుకుని కూర్చున్నారు.

మీకు తెలుసా? చుక్క ఠక్కున ఆరిపోదు. దాదాపు పది సెకన్లు పడుతుంది. ఎందుకంటే భూమికి అంచున గట్టి గోడ లేదు, గాలి ఉంది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న కిరణాల్లో సగం ఆగిపోయేది ఎక్కడో తెలుసా? నేల నుంచి సుమారు 70 కిలోమీటర్ల పైన! ఎవరెస్టు శిఖరానికి దాదాపు ఎనిమిది రెట్ల ఎత్తు. అక్కడుండే పలచని గాలి చాలు వాటి పని పట్టడానికి. ఊదితే ఎగిరిపోయేది అంటుంటాం కదా, అదీ!

హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థకు సొంత బెలూన్ కేంద్రం ఉందని మీకు తెలుసా? ఎక్స్ కిరణాలు నేల దాకా రావు కాబట్టి పరికరాలను భారీ బెలూన్లకు కట్టి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపిస్తూ వచ్చారు. కిరణం కిందికి రాకపోతే మనమే పైకి వెళ్లాలి. మర్యాద ఎవరైనా ఒకరు పాటించాలిగా!

భూమి గుండ్రంగా ఉందనుకుని లెక్క కడితే ఏమవుతుందో మీకు తెలుసా? లెక్క తప్పుతుంది! నడుము దగ్గర భూమి వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. చుక్క ఏ క్షణాన మునుగుతుందో పట్టుకోవాలంటే ఆ పొట్టను కూడా కొలవాల్సిందే. దర్జీకీ ఖగోళ శాస్త్రవేత్తకూ ఒకటే తిప్పలు.

ఇంకో తమాషా. భూమి చీకటి తెర అనుకుంటున్నారా? కాదు! అంతరిక్షం నుంచి వచ్చిపడే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొట్టడంతో మన వాతావరణమే గామా కిరణాల్లో మెరుస్తుంటుంది. తెరే వెలుగుతుంటే నాటకం చూడటం ఎలా? ఆ వెలుగును లెక్క కట్టి తీసేయాలి. తెర బిల్లు కూడా మనమే కట్టాలన్నమాట.

మీకు తెలుసా? ఇదే అడ్డంతో ఫొటో కూడా తీశారు! భూమి అంచు ఒక్కో చుట్టులో ఒక్కో వాలులో ఆకాశాన్ని కోసుకుంటూ పోతుంది. ఆ కోతలన్నీ కలిపి బొమ్మ కట్టే పద్ధతిని 1993లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ వెనకున్న గణితం కూడా ఇలాంటిదే. స్కానింగ్ యంత్రం భూమి, పేషెంటు ఆకాశం. ఫీజు ఎవరిని అడగాలో ఎవరికీ తెలీదు!

కొన్ని చుక్కలు కొన్నాళ్ల పాటు అసలు అస్తమించవని మీకు తెలుసా? కక్ష్యకు మరీ పైనో, మరీ కిందో ఉన్నవి భూమి అంచుకు చిక్కవు. కానీ ఉపగ్రహం కక్ష్య నిలకడగా ఉండదు. యాభై రోజులకు పైచిలుకులో ఒకసారి దాని తలం గుండ్రంగా తిరిగి వస్తుంది. అప్పుడు ఆ తప్పించుకున్నవీ దొరికిపోతాయి. వాయిదా పడిందంతే, కేసు కొట్టేయలేదు!

అన్నీ కలిపి ఈ పద్ధతిలో బాట్సీ జాబితా ఎంతయిందో తెలుసా? 179 పేర్లు! తొమ్మిదేళ్ల కాపలా ఫలితం. నిజానికి ఈ కాపలా బాట్సీకి పక్క పనే. అసలు పని గామా విస్ఫోటాలను పట్టడం. ఆ ఖాతాలో 2,704 పడ్డాయి. పైసంపాదన ఇంత ఉన్న ఉద్యోగం మరెక్కడా చూసి ఉండరు.

మీకు తెలుసా? 1992 ఆగస్టులో పర్సియస్ నక్షత్ర మండలంలో అంతకుముందు లేని దీపం ఒకటి వెలిగింది. బాట్సీ పట్టేసింది. కొద్ది రోజుల్లోనే అది ఆకాశంలో అందరూ కొలబద్దగా వాడే క్రాబ్ నెబ్యులాకు మూడు రెట్లు వెలిగింది. ఆ వెలుగు వెనకున్నది ఓ కృష్ణబిలం. నల్లనివన్నీ చీకటి కావు సుమండీ!

ఇక 1994 జులై సంగతి వినండి. భూమి అంచు ఒకసారి అటు నుంచి కోసింది, ఒకసారి ఇటు నుంచి కోసింది. రెండు గీతలు కలిసిన చోట వృశ్చిక మండలంలో కొత్త దీపం. పేరు జీఆర్‌ఓ జె1655-40. చుట్టం పేరులా లేదు, రైలు బోగీ నంబరులా ఉంది కదా! రేడియో టెలిస్కోపులు దాని వైపు తిరిగి నోరు తెరిచాయి. దాన్నుంచి పదార్థం రెండు వైపులా చిమ్ముతోంది. ఆ ధార కాంతిని మించిన వేగంతో పోతున్నట్టు కనిపించింది! ఐన్‌స్టీన్ గారు కంగారు పడనక్కర్లేదు. అది చూపు మాయ. అసలు వేగం కాంతి వేగంలో 92 శాతం. అదీ తక్కువేం కాదు, చలానా తప్పదు.

ఇప్పుడు క్రాబ్ నెబ్యులా దగ్గర కాస్త కూర్చుందాం. ఎందుకంటే ఈ కథలో కథానాయకుడు అదే. 1054లో వృషభ మండలంలో ఓ నక్షత్రం పేలింది. చైనా వాళ్లు పగటిపూట కూడా చూసి రాసి పెట్టారు. దాని శిథిలమే క్రాబ్. నడుమ ఓ న్యూట్రాన్ తార సెకనుకు 30 సార్లు గిరగిరా తిరుగుతోంది. మిక్సీలోని బ్లేడు ఇంతకంటే వేగం కావచ్చు గానీ, మిక్సీ బరువు సూర్యుడి కంటే ఎక్కువ ఉండదుగా!

మీకు తెలుసా? ఎక్స్ కిరణాల వాళ్లు, గామా కిరణాల వాళ్లు చుక్కల వెలుగును కొలిచేది ‘క్రాబ్’ల్లోనే! ఫలానాది రెండు క్రాబ్‌లు, ఫలానాది వందలో ఒక క్రాబ్ అంటారు. అంత నిలకడైన దీపమని నమ్మకం. కొత్త పరికరం పంపితే ముందు క్రాబ్‌నే చూపించి సరిచూసుకునేవారు. బజారంతా ఒకే తూకపు రాయి.

మరి ఆ రాయి అరిగిందని మీకు తెలుసా? 2008లో బాట్సీ వారసుడు వచ్చాడు. ఫెర్మీ టెలిస్కోపు మీద ఉండే జీబీఎం. అదే భూమి, అదే అడ్డం, అదే లెక్క. క్రాబ్ మాత్రం 2008 ఆగస్టు నుంచి రెండేళ్లలో సుమారు 7 శాతం మసకబారింది. ముందు అందరూ ఏమనుకుంటారు? మన పరికరం పాడైందనుకుంటారు! నాసా శాస్త్రవేత్త కోలీన్ విల్సన్ హాడ్జ్ బృందం మిగతా ఉపగ్రహాల లెక్కలూ తీసి చూసింది. స్విఫ్ట్ అదే చెప్పింది. రోసీ ఎక్స్‌రే ఉపగ్రహం అదే చెప్పింది. యూరప్ వాళ్ల ఇంటెగ్రల్ కూడా అదే చెప్పింది. సాక్షులంతా ఒక్క మాట మీదున్నారు. 2011 జనవరిలో ప్రపంచానికి చెప్పేశారు. ఇన్నేళ్లూ ఆ రాయితో తూచిన సరుకంతా ఏమైపోవాలి స్వామీ!

నాకైతే ఈ కథల్లోకెల్లా ఇదే ఇష్టం. ఏ అద్దమూ లేని పలకలు, అడ్డొచ్చిన భూమి, రెండూ కలిసి అందరూ నెత్తిన పెట్టుకున్న దీపం మీద చేయెత్తి చూపించాయి.

క్రాబ్ మీద మరుగు ప్రయోగం ఎంత పాతదో తెలుసా? 1964 జులై 7. ఆ రోజు చంద్రుడు క్రాబ్ ముందు నుంచి వెళ్లాడు. సరిగ్గా ఆ వేళకు హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం న్యూమెక్సికో ఎడారి నుంచి రాకెట్టు పేల్చింది. రాకెట్టుకు పైన దొరికేది కొద్ది నిమిషాలే! వెలుగు ఠక్కున ఆరితే చుక్క చిన్నది, మెల్లగా ఆరితే పెద్దది. మెల్లగా ఆరింది. ఎక్స్ కిరణాలు ఒక్క బిందువు నుంచి కాదు, మబ్బులాంటి పెద్ద ప్రాంతం నుంచి వస్తున్నాయని తేలింది. ముహూర్తం తప్పితే మళ్లీ ఏళ్లు ఆగాలి. మన పురోహితులే నయం, మర్నాడు ఇంకో లగ్నం ఉందంటారు.

జీబీఎం గారి మార్కులు చెప్పనా? మొదటి మూడేళ్లలో 209 పేర్లున్న జాబితా పట్టుకుని చూసింది. దొరికినవి 99. మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల పైన కూడా వెలిగినవి ఎన్నో ఊహించండి. రెండంటే రెండే! ఒకటి క్రాబ్, రెండోది హంస మండలంలోని సిగ్నస్ ఎక్స్-1. ఈ రెండోది కృష్ణబిలం అవునా కాదా అని స్టీఫెన్ హాకింగ్ 1974లో పందెం కాసి, 1990లో ఓటమి ఒప్పుకున్నాడు.

మీకు తెలుసా? కుంభకర్ణుడికి ఆకాశంలో వారసుడున్నాడు. వి404 సిగ్ని అనే కృష్ణబిలం 1989లో ఒకసారి చెలరేగి పడుకుంది. మళ్లీ లేచింది 2015 జూన్‌లో. 26 ఏళ్ల నిద్ర! లేచినవాడు ఊరుకున్నాడా? ఆ కొద్ది రోజుల్లోనే జీబీఎం అలారం 169 సార్లు మోగింది. అసలు కుంభకర్ణుడు ఆరు నెలలే పడుకునేవాడు, పాపం పేరు ఆయనకొచ్చింది.

2022 అక్టోబరు 9న వచ్చిన గామా విస్ఫోటం ఇప్పటిదాకా నమోదైన వాటిల్లోకెల్లా ప్రకాశవంతమైనదని మీకు తెలుసా? దాదాపు 200 కోట్ల కాంతి సంవత్సరాల నుంచి వచ్చి, డిటెక్టర్లు లెక్క పెట్టలేనంతగా ముంచెత్తింది. ఫెర్మీ కళ్లార్పకుండా చూస్తోంది. పాతిక నిమిషాల లోపే ఎవరు అడ్డొచ్చారు? ఇంకెవరు, భూమే! సినిమా క్లైమాక్సులో ముందు సీటువాడు లేచి నిలబడ్డాడు.

భూమి తెర మాత్రమే కాదు, దొంగచాటుగా టపాసులు కూడా కాలుస్తుందని తెలుసా? బాట్సీ ఆకాశం కోసం కాపు కాస్తుంటే, కింది నుంచి గామా మెరుపులు తగిలాయి! కొన్ని మిల్లీసెకన్లే. ఎక్కడి నుంచా అని చూస్తే పిడుగుల మబ్బుల నుంచి. 1994లో జెరాల్డ్ ఫిష్‌మన్ బృందం ప్రకటించింది. నక్షత్రాల లెక్క రాసుకుంటుంటే కాళ్ల కింద ఉరిమింది.

ఇంకా ఉంది, ఆగండి. 2009 డిసెంబరు 14. ఫెర్మీ ఈజిప్టు మీద ఉంది. ఉరుములు మెరుపులు జాంబియాలో, సుమారు 4,500 కిలోమీటర్ల దూరంలో. తుఫాను మబ్బు భూమి వంపు చాటున ఉంది. గామా కిరణం తిన్నగా రావడానికి వీల్లేదు. అయినా ఫెర్మీలో గంట మోగింది! ఎలా? మబ్బు పైనుంచి ఎలక్ట్రాన్లు, వాటితో పాటు పాజిట్రాన్లు పుట్టి, భూమి అయస్కాంత రేఖలు పట్టుకుని పాకుతూ వచ్చి ఉపగ్రహాన్ని తాకాయి. పాజిట్రాన్ అంటే ప్రతిపదార్థం! ఆఫ్రికా పిడుగులో పుట్టి అంతరిక్షంలో తేలింది. గోడ దూకలేక గేటు దగ్గర నుంచి వచ్చిందన్నమాట.

మీకు తెలుసా? గామా ఆకాశంలో అమావాస్య లేదు! 3.1 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాల్లో ఫెర్మీ చూస్తే చంద్రుడు సూర్యుడి కంటే ప్రకాశంగా ఉంటాడు. కాస్మిక్ కిరణాలు చంద్రుడి నేలను కొడితే గామా కిరణాలు పుడతాయి. ఎండతో పనిలేదు కాబట్టి నెలంతా పౌర్ణమే. పంచాంగ కర్తలకు గడ్డుకాలం.

సూర్యుడి వెనక్కి ఏటా ఒకే తేదీన దాక్కునే క్వేజార్ (దూరపు గెలాక్సీ నడిబొడ్డున మండే దీపం) ఒకటుందని తెలుసా? 3సి 279. దాదాపు 500 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అక్టోబరు 8 వచ్చిందంటే సూర్యబింబం దాన్ని మూసేస్తుంది. మూసేశాక కూడా గామా కిరణాలు సూర్యుణ్ని దాటి వస్తాయేమో, యాక్సియాన్‌ల వంటి కణాలుగా వేషం మార్చుకుని దూరి వస్తాయేమో అని 1991 నాటి లెక్కలు చూసి కొందరికి అనుమానం వచ్చింది. ఫెర్మీ 2008 నుంచి 2011 దాకా నాలుగు అక్టోబర్లు కాపు కాసింది. సూర్యుడు పూర్తిగా పారదర్శకం మాత్రం కాదని తేలింది. సెక్యూరిటీ గార్డు నిద్రపోలేదు!

శ్రీహరికోట కథ ఒకటి విన్నారా? 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచి ఎగిరిన మన ఆస్ట్రోశాట్‌లో సీజెడ్‌టీఐ అని ఓ పరికరం ఉంది. లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కిరణాలకు దాని గోడలు అడ్డే కావు, కాబట్టి నలుదిక్కులా పేలుళ్లను పట్టేస్తుంది. 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు భూమికి చేరాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీకి గామా మెరుపు తగిలింది. ఆస్ట్రోశాట్‌కు? ఏమీ తగల్లేదు! ఎందుకంటే ఆ క్షణాన నడుమ భూమి ఉంది. ఆ ‘ఏమీ లేదు’ కూడా పనికొచ్చింది. పేలుడు ఆస్ట్రోశాట్‌కు భూమి చాటైన భాగంలోనే ఉండాలని వెతకాల్సిన చోటు తగ్గింది. నేను చూడలేదండీ అన్న సాక్షి వల్లే కేసు ముందుకెళ్లడం ఇక్కడే చూశాం.

మీకు తెలుసా? ఈ మరుగు విద్య కోసమే మన దేశంలో ఓ కొండను వెతికారు. ఊటీ దగ్గర 11 డిగ్రీల వాలున్న కొండ. ఆ ఊరి అక్షాంశమూ 11 డిగ్రీలే! ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ ఆ వాలు మీద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున్న రేడియో టెలిస్కోపు పరిచారు. 1970లో సిద్ధమైంది. చంద్రుడు రేడియో దీపాలను మూస్తుంటే చూడటం దాని తొలి ఉద్యోగం. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం, కొండ మీద పరుచుకుని చంద్రుణ్ని పట్టడం ఇదే!

ఆస్ట్రేలియాలో పార్క్స్ టెలిస్కోపు వాళ్లయితే ఇంకో అడుగు వేశారు. 1962లో 3సి 273 అనే రేడియో దీపాన్ని చంద్రుడు మూస్తున్నప్పుడు అది టెలిస్కోపు వాలగలిగిన హద్దుకు దిగువనే ఉంది. అడ్డొచ్చిన చెట్లు కొట్టేశారు! ఆ కొలతతోనే దాని చిరునామా దొరికింది, మరుసటి ఏడాది మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటం చదివాడు, క్వేజార్లంటే ఏమిటో లోకానికి తెలిసింది. మూసేవాడు మూయాలి, చెట్లు మాత్రం మూయకూడదు.

బాట్సీని మోసిన కాంప్టన్ బరువెంతో తెలుసా? 17 టన్నులు! అప్పటికి స్పేస్ షటిల్ మోసిన ఖగోళ పరికరాల్లో ఇదే బరువైనది. పైకి వెళ్లాక యాంటెన్నా తెరుచుకోలేదు. కింది నుంచి ఎన్ని ఆజ్ఞలిచ్చినా కదల్లేదు. 1991 ఏప్రిల్ 7న వ్యోమగాములు జెర్రీ రాస్, జే ఆప్ట్ బయటికి వెళ్లారు. రాస్ చేత్తో పట్టుకుని కుదిపాడు. వచ్చేసింది! పాత టీవీని కొట్టి బాగుచేసే మన పద్ధతికి అంతరిక్షంలోనూ గుర్తింపు వచ్చినట్టే.

ఆ కాంప్టన్‌ను చేజేతులా కూల్చేశారని తెలుసా? 1999 చివర్లో దిశ నిలబెట్టే మూడు గైరోల్లో ఒకటి చెడింది. ఇంకోటి చెడితే 17 టన్నులు ఎవరి నెత్తిన పడతాయో! పరికరాలు ఇంకా పని చేస్తుండగానే, శాస్త్రవేత్తలు వద్దని మొత్తుకుంటుండగానే, 2000 జూన్ 4న పసిఫిక్‌లో పడేశారు. చుక్కల్ని తొమ్మిదేళ్లు ముంచి తేల్చినవాడు చివరికి తానే మునిగాడు.

ఇప్పుడు కొత్త ప్రతిపాదన ఏమిటో చెప్పనా? భూమి వద్దు, చంద్రుడి చుట్టూ తిరుగుదాం అంటున్నారు! పేరు లాక్స్. చంద్రుడికి గాలి లేదు. కాబట్టి పది సెకన్ల నాన్చుడు ఉండదు, అంచు కత్తిలా ఉంటుంది, చుక్క ఠక్కున ఆరుతుంది. అడ్డం పెట్టుకోవడంలోనూ నాణ్యత చూస్తున్నారు మరి.

ఆఖరుగా, శనిగ్రహం దగ్గర టైటాన్ అనే చందమామ ఉంది కదా. 2003 జనవరి 5న అది క్రాబ్ ముందు నుంచి నడిచింది. చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు ఆ నీడను పట్టింది. నీడ టైటాన్ కంటే పెద్దది! ఆ తేడాయే దాని గాలి: 880 కిలోమీటర్ల మందం. మన క్రాబ్ దీపం, శనిగారి ఇంటి బిడ్డకు నీడ వేసి కొలత ఇచ్చింది. శని కుటుంబం మళ్లీ ఇలా సరిగ్గా అడ్డొచ్చేది 2267లో. చూడాలనుకుంటే టికెట్టు ఇప్పుడే బుక్ చేసుకోండి. అయినా వెయిటింగ్ లిస్టే వస్తుంది!